జమ్ములమ్మ తీర్మానం

మా చర్చిలో జనవరి ఒకటిన ఒక పద్ధతి ఉంది. ఆరాధన అయిపోయాక ఎవరికి వాళ్లు ఆ ఏడు ఏం చేయదలచుకున్నదీ ఒక చీటీ మీద రాసి, మడిచి, పైన పేరు పెట్టి, ఒక పాత బిస్కెట్ల డబ్బాలో వేయాలి. డబ్బాకు తాళం వేసి పాస్టరయ్య బీరువాలో పెడతాడు. మళ్లీ జనవరి ఒకటిన తీసి ఎవరి చీటీ వాళ్లకిస్తాడు. వాళ్లు లేచి నిలబడి అది చదివి, చేశామో లేదో అందరి ముందూ చెప్పాలి. చేసినవాళ్లకు చప్పట్లు, చేయనివాళ్ల కోసం ప్రార్థన.

మా ఊరు ఆత్మకూరుకు ఆరు కిలోమీటర్లు. సంఘంలో అరవై మందిమి ఉంటే సగం మందికి చదువు రాదు. చిన్నప్పటి నుంచి కూలికి పోయినవాళ్లు, పుణె, బొంబాయి బిల్డింగు పనులకు పోయి వచ్చినవాళ్లు. వాళ్ల చీటీలు రాసేది నేను. మరుసటి ఏడు చదివి పెట్టేదీ నేనే. నా పేరు రోజా. ఇంటర్ పాసయ్యాను, మిషను కుడతాను. తొమ్మిదేళ్లుగా ఈ పని నాదే. నాకు ఓపిక తక్కువని ఊరందరికీ తెలుసు. చేతిరాత బాగుంటుందని కూడా తెలుసు కాబట్టి నా దగ్గరికే వస్తారు.

ఓపిక తక్కువ కాబట్టే ఒక అలవాటు చేసుకున్నాను. కొత్తబట్టలు కట్టుకున్న రోజు మనుషులు నోటికి ఎంతొస్తే అంత అనేస్తారు. లింగయ్య తాత ఏటా "ఇగ తాగుడు బంద్" అంటాడు. బంద్ కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు, కల్లు దుకాణం వాడికీ తెలుసు. అందుకని నేను "ఆదివారం తాగను" అని రాస్తాను. ఏడాది తర్వాత అదే చదువుతాను. తను ఏమన్నాడో ఆయనకు గుర్తుండదు. "ఆ, ఆదివారం ముట్టలే" అంటాడు, చప్పట్లు పడతాయి, కూర్చుంటాడు. పుష్పమ్మ ఒక ఏడు "ఎవ్వర్ని తిట్ట" అంటే "అత్తను తిట్టను" అని రాశాను. అత్త ఎలాగూ అమ్రాబాద్‌లో కూతురి దగ్గర ఉంది. ఇందులో తప్పేముంది, అందరూ నెగ్గుతున్నారు కదా అనుకునేదాన్ని. ఎవరికీ నవ్వులపాలయ్యే బాధ లేదు. నిజం చెప్పాలంటే నా తెలివికి నాకే ముచ్చటేసేది.

నిరుడు జనవరి ఒకటిన జమ్ములమ్మ పెద్దమ్మ వచ్చి నా ముందు కూర్చుంది. ఆమె నాకు అమ్మ వరస. యాభై ఎనిమిదేళ్లుంటాయి. బాప్తిస్మంలో పెట్టిన పేరు సలోమి, కానీ ఆ పేరుతో పాస్టరయ్య కూడా పిలవడు. సర్కారు బడిలో మధ్యాహ్నం అన్నం వండుతుంది. ఇల్లు చర్చి గోడను ఆనుకునే ఉంటుంది.

"రాయి బిడ్డా," అంది గొంతు తగ్గించి. "వచ్చే ఏడు నా చీటీ నేనే సదువుకుంట. గట్ల రాయి."

నేను పెన్ను ఆపి ఆమె ముఖం చూశాను. "నీకు సదువు రాదు గదా, పెద్దమ్మా?"

"నేర్చుకుంట. ఏటేట నువ్వు సదువుతవు, నేను పక్కకు నిలబడి తలకాయ ఊపుత. సంతల పశువు లెక్క. నాకు మంచిగనిపిస్తలేదు."

ఆమె వెనక ఇంకా పదిహేను మంది నిలబడి ఉన్నారు. బయట పొయ్యి మీద మాంసం ఉడుకుతోంది, నాకు పొద్దుటి నుంచి టీ చుక్క కూడా లేదు. ఈ వయసులో అఆలు నేర్చుకుంటానంటోంది, వచ్చే ఏడు అందరి ముందూ "నాకు రాలే" అని నిలబడుతుంది, పిల్లలు నవ్వుతారు అనుకున్నాను. జాలి పడ్డాననే అనుకున్నాను. "ఆదివారం ఆరాధనకు ఆలస్యం కాకుండా వస్తాను" అని రాశాను. గోడ పక్క ఇల్లు, ఆమె ఏ రోజు ఆలస్యంగా వచ్చింది గనక? మడిచి ఇస్తే కళ్లకద్దుకుని డబ్బాలో వేసింది. నేను అక్కడితో మరచిపోయాను.

మొన్న డిసెంబరు పదిహేడున దారాలూ గుండీలూ కొనడానికి ఆత్మకూరు వెళ్లాను. అక్కడి నుంచి వనపర్తిలో లైనింగు బట్ట తెచ్చుకుందామని బస్టాండుకు వస్తే పెద్దమ్మ కనిపించింది. ఆమె కూడా వనపర్తికే, కంటి దవాఖానకు. మాటల్లో పడి, వచ్చిన బస్సును చూసి నేను మెట్టు మీద కాలు పెట్టాను. ఆమె నా కొంగు పట్టి వెనక్కి గుంజింది.

"ఏడికి పోతవే? అది గద్వాల బస్సు."

బోర్డు చూశాను. గద్వాలే. "నీకెట్ల తెల్సు?" అన్నాను.

"సదివిన," అంది.

ఆమె ముఖం చూడాలి. నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బస్సు వచ్చేదాకా ఆ ముచ్చటే చెప్పింది. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక ఒకటో తరగతి గదిలో వెనక గోడకు ఆనుకుని కూర్చునేదట. మొదట్లో పిల్లలు వింతగా చూశారు. తర్వాత వాళ్లే పలక ఇచ్చారు. "సుమన టీచరమ్మ మంచిది. వత్తులకాడనే జర పరేషాన్ అయిన. టీచరమ్మతోని నా చీటీల మాట ఒక కాయితం మీద రాయించుకున్న. దినాం దాన్నే సూస్తున్న. 'నా చీటీ నేనే చదువుకుంటాను.' ఎవ్వరికి జెప్పకు బిడ్డా. ఆ రోజు సూస్తరు అందరు."

చీటీలో నేను రాసింది అప్పుడు గుర్తొచ్చింది. వనపర్తిలో లైనింగు బట్ట కొన్నానో లేదో కూడా గుర్తులేదు.

మర్నాడు పాస్టరయ్య ఇంటికి వెళ్లాను. సాంసన్ పాస్టరయ్య వరండాలో మోటారు పంపు విప్పుకుని కూర్చున్నాడు.

"అయ్యగారూ, డబ్బా ఒక్కసారి ఇస్తరా? ఒక చీటీల తప్పు రాసిన. మార్చి పెడత."

"ఎవరిది?"

నేను చెప్పలేదు. ఆయన నూనె చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "తప్పు రాసినవంటే ఆ మనిషికి జెప్పాలె, రోజమ్మా. డబ్బా ఏం జేస్తది?"

కోపమొచ్చింది. చిన్న సంగతిని ఇంత చేస్తాడేమిటి అనుకుంటూ వచ్చేశాను. దారిలోనే ఆ కోపం చల్లారింది, భయం మిగిలింది.

చెప్పేద్దామని రెండుసార్లు పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. మొదటిసారి ఆమె బియ్యం చెరుగుతూ ఎదురుగా ఆ కాగితం పెట్టుకుని ఉంది. నన్ను చూడగానే చేట పక్కన పెట్టి చదివి వినిపించింది. "మంచిగ సదివిన్నా?" అని అడిగింది. మంచిగనే చదివినవ్ అన్నాను. రెండోసారి ఆమె చెల్లెలు శాంతమ్మ ఉంది. ఆమె ముందు ఎందుకులే అని టీ తాగి వచ్చాను. శాంతమ్మ లేకపోయినా చెప్పేదాన్ని కాదు. అందరి చీటీలూ అందంగా రాసే మనిషినని నాకున్న పేరు నాకు తీపి. అది పోతుందని భయపడ్డాను.

ఈ జనవరి ఒకటి వచ్చింది. ఆరాధన అయ్యింది, పాస్టరయ్య డబ్బా తెరిచాడు. చదువు వచ్చినవాళ్లు చదివారు, రానివాళ్లకు నేను చదివి పెట్టాను. లింగయ్య తాత ఎప్పటిలాగే ఆదివారం ముట్టలేదన్నాడు. తర్వాత "జమ్ములమ్మ" అని పిలిచాడు పాస్టరయ్య. అలవాటుగా నేను లేచాను. ఆమె చేయి అడ్డం పెట్టింది.

"నువ్వు కూసో. నేనే సదువుత."

ఆమె చీటీ అందుకుంది. పైన ఉన్న పేరు మీద వేలు పెట్టి "జ, మ్ము, ల, మ్మ" అని చదివింది. ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో చప్పట్లు మొదలుపెడితే అందరూ కొట్టారు. పిల్లలు ఎక్కువ కొట్టారు, వాళ్లకు ఆమె క్లాసుమేటు కదా. ఆమె మెల్లగా మడత విప్పింది.

వేలు మొదటి అక్షరం మీద పెట్టి నోరు తెరిచి ఆగింది. మళ్లీ చూసింది. చీటీని కిటికీ వెలుతురుకు జరిపింది. ఆమెకు ఆ మాట కంఠతా వచ్చు. చీటీ చూడకుండా గడగడా చెప్పేసి కూర్చున్నా ఒక్కరికీ తెలిసేది కాదు. అలా చేయలేదు. ఉన్నదాన్నే చదవాలని చూసింది.

"ఆ... ది... వా... రం," అంది. "ఆ... రా..." అక్కడ ఆపేసింది. మళ్లీ మొదటికి వచ్చింది. పెదవులు కదులుతున్నాయి, మాట బయటకు రావడం లేదు. చివరికి చీటీ మడిచేసింది. కళ్లనిండా నీళ్లు.

"నాకు ఇంక సరిగ వస్తలేదయ్యగారూ," అంది. "ఇంట్ల మంచిగనే వస్తుండె. ఇండ్ల 'నా' ఉండాలె, నాకు 'ఆ' కనిపిస్తుంది. నాకే రాలే. మన్నించుండ్రి. కూసుంట."

నేను నోరు మూసుకుంటే చాలు, ఆ రోజు గడిచిపోయేది. ఎవరూ నన్ను అనుమానించరు. ఆమె ఇక జన్మలో ఒకటో తరగతి గదిలోకి వెళ్లదు, అంతే. ఆమె కూర్చోవడానికి గోడ పట్టుకుని వంగింది. నా మీద నాకే అంత అసహ్యం ఎప్పుడూ పుట్టలేదు.

"నువ్వు సరిగ్గనే సదివినవ్, పెద్దమ్మా," అన్నాను గట్టిగా. "అండ్ల ఉన్నది 'ఆ'నే. నేనే వేరే రాసిన."

ఆమె వంగినదల్లా ఆగి, లేచి నిలబడింది. "నేనేం రాయమన్న?"

"నా చీటీ నేనే సదువుకుంట అని."

"నువ్వేం రాసినవ్?"

"ఆదివారం ఆరాధనకు ఆలస్యం కాకుండా వస్తాను అని."

"ఎందుకు?"

"నీకు రాదనుకున్న."

ఆమె తిట్టినా బాగుండేది. చీటీ మళ్లీ విప్పింది, వేలు పెట్టింది, మొదటి నుంచి చివరిదాకా ఒక్కో అక్షరం కూడబలుక్కుని అదంతా చదివింది. "ఆలస్యం" దగ్గర చాలాసేపు పట్టింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అందరూ నా వైపే చూస్తున్నారు. చదవడం పూర్తయ్యాక లింగయ్య తాత లేచాడు.

"ఏమే రోజా, నాది గూడ గిట్లనే రాసినవా?"

"రాసిన తాతా," అన్నాను. "నువ్వు తాగుడు బంద్ అన్నవు. నేను ఆదివారం అని రాసిన."

"అంటే నేను బంద్ జెయ్యనని నువ్వే ఖరారు చేసినవన్నమాట," అన్నాడు. ఆయన నవ్వలేదు. పుష్పమ్మ తనది అడిగింది, ఇంకో ఇద్దరు అడిగారు. గుర్తున్నంతవరకు ఉన్నదున్నట్టు చెప్పాను. పాస్టరయ్య ప్రార్థన చేశాడు. నా పేరు ఎత్తలేదు, ఎత్తినా ఇంత సిగ్గయ్యేది కాదు.

కొత్త చీటీలు రాసే వేళ అయ్యింది. ఇక నా దగ్గరికి ఎవరూ రారనుకున్నాను. వచ్చారు. రాయగలిగేవాళ్లంతా తమవి వేసేసి అన్నాల దగ్గరికి పరుగెత్తారు, ఇంకెవరున్నారు? అందరికంటే ముందు లింగయ్య తాత కూర్చున్నాడు. "తాగుడు బంద్," అన్నాడు ఒక్కో మాటా నొక్కి. ఒక్క అక్షరం మార్చకుండా రాసి ఇచ్చాను. ఆయన దాన్ని డబ్బాలో వేయలేదు. నేరుగా జమ్ములమ్మ పెద్దమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె కిటికీ కింద చాప మీద కూర్చుని ఉంది. చీటీ ఒళ్లో పెట్టుకుని వేలు ఆనించింది. మూడు మాటలకు రెండు నిమిషాలు పట్టింది.

"తాగుడు బంద్ అనే ఉన్నది. పైన నీ పేరు ఉన్నది," అంది.

అప్పుడు వేశాడు డబ్బాలో. ఆయన వెనక పుష్పమ్మ, ఆమె వెనక మిగతావాళ్లు. నేను రాయడం, వాళ్లు ఆమె దగ్గరికి పోవడం, ఆమె చదివి తలూపాక డబ్బాలో వేయడం. అన్నాలు చల్లారిపోతున్నాయని బయట నుంచి కేకలు వేస్తున్నా ఎవరూ కదల్లేదు. పెద్దమ్మ తన చీటీ తానే రాసుకుంది. ఏం రాసుకుందో నాకు చూపించలేదు.

చివరికి నేను ఒక్కదాన్నే మిగిలాను. "ఎవరు ఏ మాట చెప్తే ఆ మాటే రాస్తాను" అని రాసుకున్నాను. డబ్బా పక్కనే ఉంది, వేసేయొచ్చు. నేనూ ఆమె దగ్గరికే వెళ్లి ఇచ్చాను. ఆమె తల ఎత్తకుండా అందుకుని చదవడం మొదలుపెట్టింది. చాలాసేపు పట్టింది. ఒక మాట దగ్గర ఆగిపోతే చెప్పబోయి నోరు మూసుకున్నాను. ఆమె చదివేదాకా నిలబడ్డాను.

"డబ్బాల ఎయ్యి," అంది చీటీ తిరిగిస్తూ. "వచ్చే ఏడు నీది నువ్వు సదవకు. నేను సదువుత."