సీటు వెనక చెయ్యి

నందిగామలో స్తెఫను తన సైకిలు షాపు పొద్దున్నే ఆరింటికి తెరిచేవాడు. పంక్చర్లు చూసే తొట్టిలో నీళ్ళు నింపుకుని పనిలో కూర్చునేవాడు. సాయంత్రం నాలుగయ్యేసరికి తాళం వేసి, బడి గ్రౌండులో పిల్లలకి సైకిలు నేర్పేవాడు. ఎక్కేముందు బ్రేకులు నొక్కి చూసుకోవాలి. రోడ్డు దాటేచోట దిగి కుడివైపు, ఎడమవైపు, మళ్ళీ కుడివైపు చూడాలి. తిరగబోయే ముందు చెయ్యి చూపించాలి. ఇవన్నీ వచ్చేదాకా సీటు వెనక పట్టుకున్న ఎడమ చెయ్యి వదిలేవాడు కాదు.

నిజానికి ఆ తరవాత కూడా ఆ పట్టు వదిలేది కాదు. షాపులో కూర్చుని ట్యూబుకి ప్యాచీ వేస్తుంటే ఉన్నట్టుండి ఎడమ పిడికిలి బిగుసుకునేది. సరిగ్గా అప్పుడే, ఎక్కడో సందు చివర అతను నేర్పిన పిల్లలెవరిదో జోరుగా వస్తున్న సైకిలు రోడ్డెక్కకుండా ఆగిపోయేది. షాపుకి వచ్చినవాళ్ళు పిడికిలి వదులయ్యేదాకా ఊరికే నిలబడేవారు. పిల్లలకి తమంతట తాము ఆగడం అలవాటయ్యాక ఆ పట్టు పోయేది. కొందరికి నెల పట్టేది, కొందరికి ఏడాది.

ఎనభైమూడులో కమలాకుమారి ఏడో తరగతి పాసయింది. వాళ్ళ ఊళ్ళో బడి అంతవరకే. ఎనిమిదిలో చేరాలంటే రెండు మైళ్ళ దూరం నందిగామ రావాలి, మధ్యలో హైదరాబాదు రోడ్డు దాటాలి. ఆ రోడ్డు మీద జగ్గయ్యపేట సిమెంటు లారీలు తెంపు లేకుండా పోతుంటాయి. తండ్రి బసవయ్య చదివింది చాలన్నాడు. తల్లి ప్రమీలారాణి ఆ మాట పట్టించుకోకుండా, వేసవి సెలవుల్లోనే పిల్లని స్తెఫను దగ్గరికి తీసుకెళ్ళి సైకిలు నేర్పించింది. చివరికి బసవయ్య దిగొచ్చాడు గానీ ఒక షరతు పెట్టాడు.

"స్తెఫనూ, నీ చెయ్యి ఉన్నన్నాళ్ళే దానికి బడి. పట్టు పోయినరోజు నాకు చెప్పాలి."

ఆగస్టు నెలలో ఓ పొద్దున స్తెఫను ఎడమ చెయ్యి తేలికైపోయింది. కమలాకుమారి తనంతట తానే ఆగి, రెండు వైపులా చూసి, రోడ్డు దాటిందన్నమాట. స్తెఫను అబద్ధం చెప్పలేకపోయాడు. ఇక పిల్లకి తన అవసరం లేదని, భయం కూడా అక్కర్లేదని బసవయ్యకి ఎంతో నచ్చజెప్పాడు. బసవయ్య వినలేదు. మర్నాడు కమలాకుమారి బడికి వెళ్ళలేదు.

ఇంట్లో ఉన్నది ఒకటే సైకిలు. పత్తికి పురుగుమందు తేవాలని ఆ పూట బసవయ్యే దాన్ని తీశాడు. ఇరవై ఏళ్ళుగా తొక్కుతున్నవాడు, ఎప్పుడూ దిగి చూసి ఎరగడు. హైదరాబాదు రోడ్డు మీదికి నేరుగా పోనిచ్చాడు. ముందు చక్రం తారు అంచు తాకిందో లేదో, ఎవరో సీటు పట్టుకుని గట్టిగా వెనక్కి లాగారు. ముఖానికి వేడిగాలి కొట్టి, సిమెంటు లారీ ముందునుంచి వెళ్ళిపోయింది.

వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు. తిన్నగా స్తెఫను షాపుకి వెళ్ళి, ప్రాణం నిలబెట్టావన్నాడు. స్తెఫను రెండు చేతులూ గ్రీజులో ఉన్నాయి.

"నేను కాదండీ బసవయ్యగారూ. ఇందాకట్నుంచీ చెయిను బిగిస్తున్నా."

మందు సంగతి మర్చిపోయి బసవయ్య ఇంటికి వచ్చాడు. వంటింటి గుమ్మంలో కమలాకుమారి ముందు సగం తరిగిన వంకాయలున్నాయి. ఇందాక ఉన్నట్టుండి పిల్ల ఎడమ చెయ్యి బిగుసుకుపోయిందని, మళ్ళీ దానంతట అదే వదులైందని ప్రమీలారాణి చెప్పింది.

బసవయ్య కూతురి పక్కన నేలమీద కూర్చున్నాడు.

"పుస్తకాలు సర్దుకో. మధ్యాహ్నం బడికి అందుతావు," అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, "ఆ రోడ్డు దగ్గర ఎక్కడ ఆగాలో నాకూ చూపించమ్మా," అన్నాడు.

దసరా సెలవులయ్యేసరికి ఆ ఊరి నుంచి నందిగామ బడికి ఐదు సైకిళ్ళు వెళ్ళేవి, ఐదూ ఆడపిల్లలవే. మిగతా నలుగురికీ నేర్పింది కమలాకుమారి.