తీతువు మాన్యం

తహసీల్దారునైనా ఒప్పించవచ్చు గానీ మా అత్త ఆంజినమ్మను ఒప్పించలేం.

"ఇదే అత్తా మన చేను" అని ఫోను ఆమె కళ్ళ ముందు పెడతాను. ఫొటో నిండా సోలార్ పలకలు, వాటి వెనక ఇంకా పలకలు. ఆమె మెడ వెనక్కి లాక్కుని, "ఇది మనది కాదు మే. యాడిదో తెచ్చి నన్ను మోసం సేస్తాండావు" అంటుంది. చేను సోలార్ కంపెనీకి లీజుకిచ్చినప్పటి నుంచీ ఇదే వరస. చచ్చేలోగా ఒక్కసారి చేను చూడాలని ఆమె ఆశ. మోకాళ్ళు సహకరించవు, పనివాళ్ళను తప్ప గేటులోకి ఎవరినీ వదలరు. నేనక్కడ పలకలు కడుగుతాను, నా మొగుడు ఓబులేశ్ పలకల మధ్య పెరిగే కసువు ట్రాక్టరుతో కోస్తాడు. మా చేలో మేమే కూలీలం, ఏడవాలో నవ్వాలో తెలియదు.

ఉగాది ముందు ఒక పొద్దున మా చేను ఉండిన పలకల వరుసలోకి అడుగు పెట్టానో లేదో, తీతువు పిట్ట ఒకటి కీచుమంటూ నా నెత్తి మీదికి దూకింది. కిందికి చూస్తే కసువు మధ్య గులకరాళ్ళలో మచ్చల గుడ్లు!

ఊళ్ళో అందరూ తీతువు కూత అపశకునం అంటారు. చనిపోయిన మా మామ గుండప్పకు మాత్రం అది చుట్టం. చేలో దాని గుడ్లు కనిపిస్తే మూడు రాళ్ళు చుట్టూ పెట్టి, దున్నుతున్న మడక పైకెత్తి, ఎద్దులను పక్కగా తిప్పుకుని పోయేవాడు. దున్నకుండా వదిలిన ఆ గుండ్రటి ముక్కకు మా ఇంట్లో 'తీతువు మాన్యం' అని పేరు. చుట్టూ చెనిక్కాయ పైరు పచ్చగా లేస్తే నడిమధ్యన అది గడ్డితో అట్లాగే ఉండేది. "పన్ను లేని భూమి ఆ పిట్టకే ఉండాది, మనకు లేదు" అని మామ పడీపడీ నవ్వేవాడు. సద్ది తీసుకుపోయిన కొత్త కోడలిని, నేనూ నవ్వేదాన్ని. చేను పోయినందుకు కాదు, ఆ నవ్వు పోయినందుకే నాకు బాధ.

ఈ పిట్టను ఫొటో తీసి చూపిస్తే అత్త నమ్మక చస్తుందా అనుకున్నాను. కానీ ఆ రోజే ఆ వరుసలో కసువు కోయాలి. మూడు రాళ్ళు ఏరి గుడ్ల చుట్టూ పెట్టి, ఓబులేశ్ దగ్గరికి పరుగెత్తాను.

"చూడప్పా, మన చేలో తీతువు గుడ్లు పెట్టినాది. ఆడ బ్లేడు తోలొద్దు."

"కసువు నిలిస్తే సూపర్‌వైజర్ ఊరుకుంటాడా? నీ మామ కాలం అనుకుంటివా?"

"మామ నాకేనా, నీకు నాయన కాదా?" అని అరిచి వచ్చేశాను. నాకు కోపమొస్తే ముందు నోరు, వెనక బుద్ధి.

ట్రాక్టరు చప్పుడు అటు మళ్ళినప్పుడల్లా నీళ్ళ పైపు పక్కన పెట్టి అటే చూశాను. పని దిగగానే పరుగెత్తాను. వరుసంతా గుండు కొట్టించినట్టు ఉంది. నడిమధ్యన మాత్రం గుండ్రంగా కసువు, అందులో నా మూడు రాళ్ళు. టైరు గుర్తులు పక్కగా తిరిగి పోయాయి. ఫోను ఎత్తేసరికి తీతువు లేచిపోయింది, పాడు పిట్ట! ఫొటోలో ఆ గుండ్రటి కసువు, మూడు రాళ్ళు మాత్రమే పడ్డాయి.

ఓబులేశ్ నా వైపు చూడకుండా ట్రాక్టరు తుడుస్తూ, "రాయి తగిలితే బ్లేడు పోతాది, అందుకే" అన్నాడు.

ఇంటికొచ్చి, తిట్లు తినడానికి సిద్ధపడి అత్తకు ఫోను ఇచ్చాను. "తీతువును ఫొటో తీద్దామనుకుంటి అత్తా. ఎగిరిపోయినాది."

ఆమె ఫోను దగ్గరికి తెచ్చుకుంది. ఆ కసువు మీద బొటనవేలు పెట్టి గుండ్రంగా తిప్పింది.

"మన చేనే మే ఇది!" అంది.

"పిట్ట లేదు కదత్తా?"

"పిట్ట ఎందుకే? మాన్యం కనపడతాంది గదా!"

ఓబులేశ్ గడప దగ్గర చెప్పులు విప్పుతున్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుని అటు తిరిగింది.

"మడక ఎత్తినావా నాయనా?"

"ఎత్తినాలేమ్మా" అన్నాడు ఓబులేశ్.