నిన్నటి సిరా

బొమ్మ వెనక కాగితం అంటించి, పట్టు అంచు కట్టి, గోడకు వేలాడదీసేలా తయారుచేయడంలో కనజావా ఊళ్లో తొకుజిరోను మించినవాడు లేడు. నోరు మాత్రం మహా చెడ్డది. ఎంతటి చిత్రకారుడినైనా గుమ్మంలోనే నిలబెట్టి, "సిరా ఏనాటిది?" అని నిలదీసేవాడు. రాత్రి నిలవున్న సిరాలో జిగురు చచ్చిపోతుంది. పైకి నల్లగా నిక్షేపంలా ఉన్నా, అంటించడానికి తడపగానే కారిపోతుంది.

"నిన్నటిదైతే తీసుకుపోవయ్యా. నలభై ఏళ్ల పేరు నీకోసం నీళ్లలో కలుపుకోనా?" అనేవాడు.

ఆ ఒక్క మాట కన్నకూతుర్ని అడగలేదు.

ఫుజినోకు ఇరవయ్యారేళ్లు. ఊపిరితిత్తులు తినేసిన జబ్బు. దిండ్లకు ఆనుకునే, పదకొండు రోజులు కూర్చుని, కిటికీలోంచి కనిపించే హకుసాన్ మంచుకొండను వేసింది. "ముందుగదిలో దీన్ని కళ్లారా చూసుకుని పోతాను నాన్నా" అంది.

తొకుజిరో తడికుంచె ఆనించాడు. కొండ కొండంతా కరిగి కిందికి జారింది.

వంటింట్లోకి పరుగెత్తాడు. కూతురికి ఓపిక లేక, సిరాకడ్డీని రాతిమీద నీళ్లతో అరగదీసి ఇచ్చింది అతని భార్య తొమియె.

"రోజూ కొత్తగా అరగదీశావా?"

"మిగిలింది పారబోస్తామా ఏంటి? మూతపెట్టి, పొద్దున్నే కాసిని నీళ్లు కలిపిచ్చేదాన్ని. ఏమైందండీ?"

నలభై ఏళ్లు కాపురం చేసినా ఆమెను పనిగదిలో అడుగుపెట్టనివ్వలేదు. పని గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఇప్పుడు ఏమని చెబుతాడు?

"ఏం లేదు" అన్నాడు.

ఫుజినో రోజూ అడుగుతూనే ఉంది. చివరికి ఆ పాడైన బొమ్మకే అంచు కట్టి వేలాడదీశాడు. తల్లి ఆమెను లేపి కూర్చోబెట్టింది. ఫుజినో చాలాసేపు చూసింది.

"నా చేయి ఇంతలా పోయిందా? వేసేటప్పుడు తెలియనే లేదు."

"నీ చేయి కాదే తల్లీ! తడపడంలో నేనే తప్పు చేశాను. నిజం, నా మాట నమ్ము."

ఆమె నీరసంగా నవ్వింది. "నువ్వా? తప్పా? ఊళ్లో ఎవరితోనైనా చెప్పు, నీ మొహానే నవ్వుతారు. అమ్మ పూటపూటా సిరా అరగదీసిచ్చింది, కాగితం మంచిదే. ఇంక మిగిలింది నా చేయేగా! అమ్మా, చూశావా? నాన్నకు అబద్ధమాడటం కూడా రాదు."

"అవునే, ఆయనకెక్కడ వచ్చు" అంది తొమియె, కూతురి జుట్టు సవరిస్తూ. ఆమె గోళ్ల సందుల్లో నలుపు ఇంకా పోలేదు.

సిరా నిన్నటిదని ఒక్క మాట చెబితే కూతురు నమ్ముతుంది. చెబితే తొమియె ఇక బతికినన్నాళ్లూ అన్నం ముద్ద మింగలేదు. తొకుజిరో నోరు తెరవలేదు.

"ఎదురుగా వద్దు, తీసెయ్ నాన్నా" అంది ఫుజినో.

తీసేశాడు. తొమ్మిదో రోజున ఆమె కన్నుమూసింది, తనకు బొమ్మ వేయడం రాకుండా పోయిందనే నమ్ముతూ.