గులాబీ కంపు

మా ఆయన ముక్కు పోయింది. ఎవరో కోస్తే పోలేదు, జ్వరంతో పోయింది. పైకి చూస్తే ఉన్నచోటే ఉంది. తుమ్ములొస్తాయి, జలుబు చేస్తుంది, కళ్లజోడు కూడా దానిమీదే నిలబడుతుంది. వాసన ఒక్కటే రాదు.

ఇంకొకరికైతే ఇదో పెద్ద కష్టమా? లెక్కలు రాసేవాడికి ముక్కుతో పనేముంది? కానీ మా ఆయన బతికేది ముక్కు మీదే. పాల ఫ్యాక్టరీలో క్యాన్లు దిగే అరుగు ఒకటుంటుంది. లారీ రాగానే ఒక్కో క్యాను మూత తీసి, మూత లోపలివైపు వాసన చూసి, బాగుంటే "పోనీ" అంటాడు. పులుపు తిరిగితే పక్కన పెట్టిస్తాడు. ల్యాబు వాళ్లు పరీక్ష చేస్తారు కానీ ఆ సరికి పాలు ట్యాంకులో కలిసిపోయి ఉంటాయి. ఒక్క పులిసిన క్యాను పడితే ట్యాంకంతా నాశనం. అది కూడా నయమే. నాశనమైనట్టు కనబడకుండా ప్యాకెట్లలోకి ఎక్కిందా, ఎవరింట్లోనో పసిబిడ్డ కడుపులో తేలుతుంది. అందుకే అరుగు మీద ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలవరు. ముక్కు అంటారు. "ముక్కు వచ్చాడా?" అంటారు. రాకపోతే లారీలు ఆగుతాయి.

నేనూ ఆ ఫ్యాక్టరీలోనే, ప్యాకింగు సెక్షన్లో. పనికంటే తగాదాలు ఎక్కువ చేస్తానని సూపర్‌వైజరు ఫిర్యాదు. చేతులకు గ్లౌజులిస్తే తగాదాలు దేనికని నా ఫిర్యాదు.

జ్వరం తగ్గి పనిలోకి వెళ్లిన రోజే మా ఆయన సూపర్‌వైజరుకి సంగతి చెప్పాడు. ఆయన మంచిగానే విన్నాడు. నెలాఖరు దాకా క్యాన్లు కడగమన్నాడు, అందాకా ల్యాబు నుంచి ఒకణ్ణి అరుగు మీదకి అరువు తెచ్చుకుంటానన్నాడు. ఆ తర్వాత అరుగు మీద క్యాన్లు వరసగా పెడతాను, అందులో పులిసిందేదో పట్టుకో, పట్టుకుంటే నీ చోటు నీది, లేకపోతే కొత్త మనిషిని పెట్టుకుంటాను అన్నాడు. న్యాయంగానే ఉంది. నాకు మండింది కూడా అందుకే. అన్యాయమైతే కేకలు వేసేదాన్ని.

ముక్కు డాక్టరు మందులేమీ రాయలేదు. "ముక్కు నరాలకి మళ్లీ ఓనమాలు దిద్దించాలి" అన్నాడు. గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్, ఈ నాలుగు నూనెలు తెచ్చుకోవాలి. పొద్దున, సాయంత్రం దూది మీద ఒక్కో చుక్క వేసుకుని మెల్లగా పీల్చాలి. పీల్చేటప్పుడు ఆ వాసన ఒకప్పుడు ఎలా ఉండేదో గుర్తు చేసుకోవాలి. అంతే. వస్తుందని హామీ ఇవ్వను, చాలామందికి వచ్చింది అన్నాడు.

తెచ్చుకునే పనే లేదు. మా అత్తగారి అలమరలో అవన్నీ ఉన్నాయి. పొయ్యి పక్కన చెక్క అరలో గోధుమరంగు బుడ్లు బారులు తీరి ఉంటాయి. పంటినొప్పికి లవంగ నూనె. జలుబు చేస్తే వేణ్ణీళ్లలో యూకలిప్టస్ ఆవిరి. మా అమ్మాయికి పరీక్షల ముందు నిద్ర పట్టకపోతే దిండు మూల లావెండరు చుక్క. నేల తుడిచే నీళ్లలో నిమ్మనూనె. ఆవిడ వల్ల ఇంట్లో కొంత హాయి ఉంది, కాదనను. కానీ ఒకసారి బజారులో ఎవడో మాటకారి ఆవిడకి షుగరు తగ్గే నూనె అంటూ బుడ్డి అంటగట్టి, మాత్రలు మానేయమన్నాడు. ఆ బుడ్డిని నేనే చెత్తబుట్టలో పడేశాను. నూనెకు చేతనైంది నూనె చేస్తుంది. ఒళ్లు తేలికపరుస్తుంది, మనసు కుదుట పరుస్తుంది. కిడ్నీలో రాళ్లు కూడా కరిగిస్తుందని చెప్పేవాడుంటే ముందు వాణ్ణి కరిగించాలి.

డాక్టరు మాట చెప్పగానే అత్తగారు కొంగు బిగించారు.

"దూది ఎందుకమ్మాయ్? రెండు చుక్కలు తిన్నగా ముక్కులోనే వేస్తే పోలా? దూరం నుంచి చూపించడానికి ఇదేమన్నా పెళ్లిచూపులా?"

"అత్తా, ఆ నూనె ముక్కులో పోస్తే ఉన్న ముక్కు కూడా ఊడొస్తుంది. దూది మీదే వేయమన్నాడు డాక్టరు."

"నా కొడుకుని ఆ డాక్టరు కన్నాడా?"

"కనలేదు. అందుకే కాస్త బుర్రతో ఆలోచించాడు."

మా ఆయన మధ్యలో కూర్చుని, పాఠం ఒప్పజెప్పలేని బడిపిల్లాడిలా గోడ చూస్తున్నాడు.

అలా మొదలైంది. అత్తగారు దూది ఉండలు చేసి ముక్కు దగ్గర పెడతారు. "ఏంటి నాయనా?" అంటారు. "ఏమీ లేదమ్మా" అంటాడు. పొద్దునా అదే మాట, సాయంత్రమూ అదే మాట. కొన్నాళ్లకు అత్తగారు కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు కెలికి లేచిపోవడం మొదలుపెట్టారు. "ఏంటత్తా, తినరేం?" అంటే "ఆకలి లేదు" అనేవారు. కొడుకు మీద బెంగ అనుకున్నాం ఇంటిల్లిపాదీ.

ఆ వారంలోనే ఒక సాయంత్రం మా ఆయన దూది పీల్చి, కనుబొమలు ముడిచి, "లవంగమా?" అన్నాడు.

అత్తగారు చేతులెత్తి ఏడ్చేశారు. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. మర్నాడు నిమ్మ కూడా చెప్పాడు. ఆ తర్వాత నాలుగూ గడగడా చెప్పేశాడు. నేనూ పొంగిపోయాను. ప్యాకింగు సెక్షనంతా చాటింపు వేశాను కూడా.

పరీక్ష రేపనగా సాయంత్రం నేను బట్టలు ఆరేస్తున్నాను. వంటింట్లోంచి మాడు వాసన గుప్పుమంది. పరిగెత్తుకొచ్చి చూస్తే పొయ్యి మీద ఉల్లిపాయలు బొగ్గయ్యాయి. ఆ పొయ్యికి రెండడుగుల దూరంలో కూర్చుని మా ఆయన పేపరు చదువుకుంటున్నాడు. పొగ కళ్లలో పడ్డాకే తల ఎత్తాడు.

గిన్నె సింకులో పడేసి, నూనెల వేళ కాగానే అత్తగారి చేతిలో దూది లాక్కున్నాను. "ఇవాళ నేను పెడతా" అన్నాను. అటు తిరిగి, ఏ బుడ్డీ తెరవకుండా వట్టి దూది ఆయన ముక్కు దగ్గర పెట్టాను.

"గులాబీ" అన్నాడు.

ఇంకో వట్టి దూది.

"నిమ్మ. ఇవాళ కొంచెం ఘాటుగా ఉందే."

మూడోది.

"ఆహా, లవంగం!"

మా అమ్మాయి నోరు నొక్కుకుంది. అత్తగారు నా చేతిలో దూది తీసుకుని వాసన చూసి, ఆయన వంక చూసి, మళ్లీ దూది వంక చూశారు. రోజూ ఆవిడ పెట్టేది ఒకే వరస. ఈ పెద్దమనిషి వరస బట్టీ పట్టాడు.

"ఎన్నాళ్ల నుంచయ్యా ఈ నాటకం?" అన్నాను.

"అమ్మ తిండి మానేసింది కదా. ఎంతకని చూడను?" అన్నాడు తల దించుకుని.

అత్తగారు నోరు తెరిచారు. "నేను నీకోసం మానేశానని ఎవడు చెప్పాడురా? నాకు పన్ను సలుపుతోంది!"

"పన్నా?"

"ఎడమవైపు దవడ పన్ను. లవంగ నూనె రాసినా తగ్గలేదు. ఆ మాట మీ ఆవిడకి చెబితే నన్ను బతకనిస్తుందా?"

నవ్వొచ్చింది. కానీ నవ్వే టైము కాదది.

"సరే. మరి రేపు క్యాన్ల ముందు ఏం చేద్దామనుకున్నావ్? అక్కడ మీ అమ్మ వరస ఉండదుగా?"

ఆయన గొణిగాడు. "పొట్టోడు దగ్గుతాడు."

"ఏంటీ?"

"నేను పులిసిన క్యాను దగ్గరికి రాగానే పొట్టోడు దగ్గుతాడు. వాడు ముందే వాసన చూసి ఉంచుతాడు."

పొట్టోడంటే కుర్రాడు కాదు. అరుగు మీద క్యాన్లు దించేవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, మా ఆయనకి ప్రాణస్నేహితుడు. నిజం చెప్పాలంటే ఆ ఉపాయం నాకు ఒక్క క్షణం భలే నచ్చింది. మనవాడి కోసం మనవాడు దగ్గడం తప్పా? యాజమాన్యం దగ్గరైతే ఇంతకంటే పెద్ద పెద్ద దగ్గులు దగ్గించాను నేను. కానీ ఇది యాజమాన్యంతో తగాదా కాదు. పాలతో తగాదా.

"రేపు దగ్గుతాడు. ఎల్లుండి? వాడికి నిజంగా దగ్గొస్తే మంచి పాలన్నీ కాలవలో పోస్తావా? వాడు సెలవు పెడితే? ఆ ప్యాకెట్లు కట్టేది నేనయ్యా. ఏ పిల్ల నోట్లోకి పోతాయో తెలీకుండా నా చేత్తో కట్టాలా?"

ఆయన లేచి వెళ్లి మాడిన గిన్నె తోముతూ కూర్చున్నాడు. అది తెల్లగా మెరిసినా ఆపలేదు.

పొద్దున్నే ఆయనే బుడ్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. "వరస మార్చి పెట్టు. వాసన రాకపోతే రాలేదనే చెబుతా" అన్నాడు.

నిమ్మ పెట్టాను. "రాలేదు" అన్నాడు. యూకలిప్టస్ పెట్టాను. "చల్లగా తగులుతోంది. వాసన లేదు." గొంతులో నాటకం లేదు, ఏడుపూ లేదు. ఇంకో దూది పెట్టాను.

కుర్చీ వెనక్కి పడేంతగా లేచాడు.

"థూ! ఏంటే ఇది? టైరు కాల్చావా? చచ్చిన ఎలుకని కాల్చావా?"

"గులాబీ!"

"గులాబీ ఏంటి నీ మొహం! తియ్యి, తియ్యి, కడుపులో తిప్పుతోంది!"

అత్తగారు బుడ్డి లాక్కుని చూశారు. మేలైన గులాబీ. మా అమ్మాయి చూసింది. గులాబీయే. మళ్లీ ఆయన ముక్కు దగ్గర పెడితే మళ్లీ ఆమడ దూరం దూకాడు. ఉన్నది పోవడం ఒక ఎత్తు, ఇదేం తెగులు? వెంటనే డాక్టరుకి ఫోను చేశాను.

ఆయన అవతల నవ్వాడు. "కంపు కొట్టిందా? మంచిదమ్మా. తెగిన తీగలు మళ్లీ కలిసేటప్పుడు ముందు అడ్డదిడ్డంగా కలుస్తుంటాయి. చెడు వాసన కూడా వాసనే. ఆపకుండా చేయించండి. టైము పడుతుంది."

ఫోను పెట్టేసి చెప్పాను. మా ఆయన తనంతట తానే దూది తీసుకుని పీల్చి, మొహమంతా వికారం పెట్టుకుని, "అబ్బబ్బ, ఏం కంపే!" అన్నాడు. జ్వరం తర్వాత ఆ మొహంలో అంత సంతోషం నేను చూడలేదు. ఎగిరి గంతేసే మనిషి, వాంతి చేసుకునే మనిషి ఒక్కడే అయితే ఎలా ఉంటుందో అలా ఉన్నాడు.

డ్యూటీ వేళకి అరుగు మీద క్యాన్లు వరసగా పెట్టి ఉన్నాయి. సూపర్‌వైజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఓ పక్క పొట్టోడు మంచినీళ్లు తాగి గొంతు సవరించుకుంటున్నాడు. మిషను పక్కదానికి అప్పజెప్పి నేనూ వచ్చాను. నా వెనక ప్యాకింగు ఆడవాళ్లు నలుగురైదుగురు వచ్చారు.

మా ఆయన మొదటి క్యాను దాకా వెళ్లి ఆగాడు. "పొట్టీ, దగ్గకు" అన్నాడు మెల్లగా. తర్వాత వెనక్కి తిరిగాడు.

"సార్, నేను పట్టుకోలేను. ఇంకా రాలేదు."

"అంతేగా మరి" అన్నాడు సూపర్‌వైజరు.

"రావడం మొదలైంది సార్. తప్పుగా వస్తోంది. గులాబీ పెడితే టైరు కాలిన కంపు కొట్టింది."

"నీ కంపుని ట్యాంకులో పోసుకోనా? నాకు ముక్కు కావాలయ్యా, ఇవాళే కావాలి."

అప్పుడు నేను దిగాను. "ముక్కు కావాలంటే ఇక్కడే ఉంది సార్. పొట్టోడికి వాసన బాగా తెలుసు. ఎంత బాగా తెలుసో నన్నడక్కండి. వాణ్ణి నిలబెట్టండి. పని మా ఆయన నేర్పుతాడు. కొత్తవాణ్ణి తెస్తే వాడికి నేర్పేదెవరు, మీరా?"

"మళ్లీ మొదలెట్టావూ?"

"నేను ఆపిందెప్పుడు? అబద్ధం ఆడి అరుగెక్కేవాడు ఎవడైనా దొరుకుతాడు. రాలేదని ఒప్పుకునేవాడు దొరకడు. డాక్టరు కుదిరిందనేదాకా ఈ చోటు ఇంకొకరికి ఇవ్వనని వీళ్లందరి ముందు చెప్పండి."

సూపర్‌వైజరు నన్ను చూశాడు, నా వెనక వాళ్లని చూశాడు, గేటు దగ్గర ఆగిన లారీని చూశాడు. "సరే, ఇవ్వను. అందాకా పొట్టోడు వాసన చూస్తాడు. ఇక మిషను దగ్గరికి పో తల్లీ" అన్నాడు.

వెంటనే పోతే నేనెందుకవుతాను? కాసేపు నిలబడ్డాను. పొట్టోడు బిక్కుబిక్కుమంటూ మూత తీశాడు. "మంచివే బావా" అన్నాడు. మా ఆయన వాడి చేతిలో మూత తీసుకుని తనూ పీల్చాడు. "ఏమీ లేదు" అన్నాడు. ఇంకోటి. "మంచివే." "టైరు" అన్నాడు మా ఆయన, మొహం చిట్లించి. ఇంకోటి. పొట్టోడు "ఊఁ, మంచివే" అని తోసేయబోతుంటే, మా ఆయన క్యాను మీద చెయ్యి వేశాడు.

"ఆగు. ఇది టైరు కాదు. ఇదేదో వేరే కంపు."

పొట్టోడు వంగి ఈసారి నెమ్మదిగా పీల్చాడు. తల ఎత్తాడు. "పులిసింది బావా. కొద్దిగా. నాకు అందలేదు."

క్యాను పక్కకి జరిగింది. పొట్టోడు కళ్లు పెద్దవి చేసుకుని చూస్తున్నాడు. "నీకు తెలిసిపోయిందా బావా? వచ్చేసిందా?"

"రాలేదురా. రెండు కంపులకి తేడా తెలిసింది. అంతే." మా ఆయన చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. "నోరెళ్లబెట్టి చూడకు. లారీ ఆగింది, ఇంకో మూత తియ్యి."