సముద్రం ఎడమ చేతివైపు

పచ్చడిలో చింతపండు ఎక్కువైందేమో, ఆయనకి ఇప్పుడు పులుపు పడదు, మునుపైతే పచ్చి చింతకాయ ఉప్పద్దుకుని తినేవారు, అనుకుంటూ తల తుడుచుకుంటూ స్నానాల గదిలోంచి ఇవతలికి వచ్చాను, వచ్చేసరికి వీధి తలుపు బార్లా తీసి ఉంది, లిఫ్టు వైపు నుంచి గాలి వస్తోంది, జనవరి కదా, దోహాలో కూడా ఈ నెల గాలికి కాస్త పదునుంటుంది, ఏవండీ అన్నాను, పడగ్గదిలో లేరు, బాల్కనీలో లేరు, ఫోను టీవీ పక్కనే పడుంది, చెప్పుల స్టాండులో నడక బూట్లుండే చోటు మాత్రం ఖాళీగా ఉంది, నిరుడు రంజాన్ నెలలో మెదడులో రక్తనాళం చిట్లినప్పటి నుంచి ఈయన ఒంటరిగా గుమ్మం దాటింది లేదు, ముప్పై ఏళ్ళు ఇంజనీరింగ్ పాఠాలు చెప్పిన సుధాకరరావు గారు ఇవాళ పొద్దున చెంచా పేరు గుర్తు రాక అది, అది అంటూ నా మొహంలోకి చూశారు, అలాంటి మనిషి బూట్ల లేసులు ఎలా కట్టుకున్నారు, ఎటు పోయారు, తడి జుట్టు ముడేసుకుని వరండాలోకి పరిగెత్తితే ఎదురింటి కనీజ్ పాలప్యాకెట్టు పట్టుకుని నిలబడింది, ఏమైంది అక్కా గట్ల ఉరుకుతున్నవ్ అంది, ఆయన కనిపించట్లేదు కనీజ్ అన్నాను, యా అల్లా, సాబ్ ఒక్కడే పోయిండా, పరేషాన్ గాకు అక్కా, ఇయ్యాల జుమ్మా కదా, మా తమ్ముడు ఇంట్లనే ఉన్నడు, బండి తీస్తడు, అంటూ లోపలికి తిరిగి ముస్తఫా లేవురా అని ఒక్క కేకేసింది, వాళ్ళ ఊరు నిజామాబాద్ దాకా వినపడేటంత కేక.

మా అమ్మాయి భరణి శుక్రవారం కూడా ఆస్పత్రి ల్యాబులో డ్యూటీలోనే ఉంటుంది, ఫోన్ చేస్తే అమ్మా కంగారు పడకు, పోలీసులకి నేను చెప్తాను, నువ్వు చుట్టుపక్కల చూడు, బయల్దేరుతున్నాను అంది, కంగారు పడకు అన్న గొంతే వణుకుతోంది, కిందికి దిగితే బిల్డింగు కాపలా నాతూర్ చెయ్యి చాపి సాబ్ ఉధర్ గయా అన్నాడు, ఉధర్ అంటే పాత సూక్ బజారు వైపు, సముద్రం వైపు, అల్ మన్సూరా వీధులు శుక్రవారం పొద్దున షట్టర్లన్నీ దించుకుని నిద్రపోతున్నాయి, మూసిన సెలూన్లు, మూసిన టైలరు కొట్లు, ముస్తఫా బండి మెల్లగా పోనిస్తూ అటు నువ్వు చూడు అమ్మా ఇటు నేను చూస్త అన్నాడు, నేను చూస్తున్నాను, నా కళ్ళు సందులు చూస్తున్నాయి, మనసు మాత్రం మొన్నటి సంగతి దగ్గర తిరుగుతోంది, కాఫీ తాగుతూ ఉన్నట్టుండి వాన వెలిసింది కమలా, ఒక చుట్టు వెళ్ళొస్తాను అన్నారు, వాన ఎక్కడ, ఇక్కడ ఏడాదికోసారి నాలుగు చినుకులు పడితే వార్త, భరణి ఆయన పక్కన కూర్చుని నాన్నా ఇది దోహా, గాల్వే కాదు, ఏదీ మీరనండి, దోహా, అని చిన్నపిల్లాడికి చెప్పించినట్టు చెప్పించింది, ఆయన బుద్ధిగా దోహా అన్నారు, అని కిటికీలోకి చూస్తూ కూర్చున్నారు, డాక్టరు అలాగే సరిదిద్దమన్నాడట, గాల్వే ఐర్లండు పడమటి ఒడ్డున నది సముద్రంలో కలిసే చోట ఉన్న పాత రేవు పట్టణం, ఇక్కడికి రాకముందు అక్కడ తొమ్మిదేళ్ళున్నాం, ఆయన యూనివర్సిటీలో, నేను మందుల షాపులో, ప్రతి ఆదివారం ఆయన రెయిన్‌కోటు వేసుకుని నడకకి పోయేవారు, నాకు ఆదివారం డ్యూటీ, ఒక్కసారీ వెంట వెళ్ళడం కుదరలేదు, ఆ ఊరు నాకు బస్సు అద్దం మీద వానధారల వెనకాల కనపడ్డ ఊరు, పొయ్యి దగ్గర నేను పోపు వేస్తుంటే ఆయన గుమ్మానికి ఆనుకుని ఇవాళ ఏమేం చూశారో చెప్పేవారు, సగం వినేదాన్ని, సగం ఆవాల చిటపటలో పోయేది.

ముషైరిబ్ కొత్త భవనాలు దాటి, సూక్ దాటి, ఒడ్డు వెంట పోయే కార్నీష్ రోడ్డు మీదికి వచ్చేశాం, ఎదురుగా సముద్రం, ఇంత వెడల్పు ఉదయం, ఇంతమంది జనం, పిల్లల సైకిళ్ళు, ఏకరంగు టీషర్టుల్లో పరిగెడుతున్న వాళ్ళు, వీళ్ళలో నెరిసిన తల మనిషిని ఎక్కడని వెతకను, అమ్మా మంది మొత్తం ఎడమకే నడుస్తరు, వెస్ట్ బే దిక్కు, అటే పోదాం అన్నాడు ముస్తఫా, సరే అనబోయాను, అనబోతుంటే ఆ సగం విన్న మాటల్లోంచి ఒకటి, ఇన్నేళ్ళూ నాలో ఎక్కడ పడుకుందో తెలియదు, పోపు వాసనతో సహా లేచి వచ్చింది, పోయేటప్పుడు సముద్రం ఎప్పుడూ ఎడమ చేతివైపే ఉంటుంది కమలా, దారి తప్పడమన్నది లేదు, ఎడమ చెవి చల్లబడిందంటే సరిగ్గా పోతున్నట్టే, అని నవ్వుతూ చెవి తడుముకుని చూపించారు, అదీ ఎర్రగా ఉంది, కుడికి తిప్పు నాయనా అన్నాను, గా దిక్కు మ్యూజియం తప్ప ఏం లేదమ్మా అన్నాడు, సముద్రం ఆయనకి ఎడమవైపు ఉండాలి, కుడికి తిప్పు, అన్నాను మళ్ళీ, ఆ కుర్రాడికి ఏం అర్థమైందో, ఇంకేం అడక్కుండా తిప్పాడు, కట్టేసిన కొయ్య పడవలు వెనక్కి పోతున్నాయి, ఇస్లామిక్ ఆర్ట్ మ్యూజియం నీళ్ళలోంచి మొలిచినట్టు తెల్లగా దగ్గరికొస్తోంది, తప్పేమో, మూర్ఖంగా తిప్పించానేమో, ఆయన అటు పోయి ఉంటే, రోడ్డు దాటబోయి ఉంటే, అక్కడితో ఆపేసి దేవుడి పేర్లన్నీ కలగాపులగంగా అనుకుంటూ పార్కు దగ్గర దిగి పరిగెత్తాను.

పార్కు నెలవంకలాగా సముద్రంలోకి వంగి ఉంది, దాని కొసన ఇనపరేకులు నిలువుగా పాతినట్టున్న పెద్ద స్తంభం, అంత ఎత్తు తుప్పురంగు, తలెత్తితే మెడ పట్టేస్తుంది, దాని కింద ఒక మనిషి, లేత నీలం చొక్కా, ఒక బూటు లేసు నేల మీద పాకుతోంది, ఆయనే, మా ఆయనే, నేను చూస్తూండగానే ఆయన ఆ స్తంభం దగ్గరికి నడిచి, ఆగి, కాలెత్తి దాన్ని మెల్లగా ఒక్క తన్ను తన్నారు, తన్ని, తృప్తిగా నవ్వుకుని వెనక్కి తిరిగారు, దూరం నుంచి సెక్యూరిటీ మనిషి వింతగా చూస్తున్నాడు, నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి, వెళ్ళి చెయ్యి పట్టుకోబోతే ఆయన మర్యాదగా పక్కకి జరిగి దారిచ్చారు, మీరు ఈ ఊరికి కొత్తగా వచ్చినట్టున్నారు అన్నారు.

మీరు అన్నారు, పెళ్ళైన నాటి నుంచి నన్ను నువ్వు అని తప్ప పిలవని మనిషి మీరు అన్నారు, నేనండీ, కమలని, ఇది దోహా, అని నాలుక చివరి దాకా వచ్చింది, కానీ ఆయన మొహం చూశాను, ఎన్ని నెలలైందో ఆ మొహాన్ని అంత తేటగా చూసి, కళ్ళలో బెదురు లేదు, పదం కోసం వెతుకులాట లేదు, అవునండీ కొత్తే, ఏమేం చూడాలో మీరే చెప్పండి, అన్నాను, అయితే ముందు మీరు కూడా తన్నాలి, ఇంతదాకా నడిచొచ్చిన వాళ్ళు ఈ గోడని తన్ని గాని వెనక్కి తిరగరు, ఊరి ఆచారం, లేకపోతే నడక చెల్లదు, అన్నారు, కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని చెప్పుకాలితో తన్నాను, ఇనుము లోపలెక్కడో సన్నగా మోగింది, ఆయన శభాష్ అన్నట్టు తలూపి నీళ్ళకి అడ్డంగా వేలు చూపించారు, అవిగో బర్రెన్ కొండలు అన్నారు, గాల్వేలో నీళ్ళకి అవతలి ఒడ్డున ఉండేవి, ఆ వేలి కొసన ఉన్నవి వెస్ట్ బే మేడలు, నాకు తెలుసు, రోజూ చూసేవే, కానీ పొద్దుటి మంచు వాటి గాజునీ అంతస్తులనీ చెరిపేసి ఒక్క బూడిదనీలి గీతగా చేసింది, కొండలంటే కొండలే, అక్కడ మట్టి కనపడదండీ, ఎటు చూసినా పరిచిన నాపరాయే, అయినా వేసవి ముందు ఆ రాతి బీటల్లోంచి పూలు పూస్తాయి, ఎంత నీలమంటే కాసేపు మాట రాదు, ఒకప్పుడు ఆ రాయంతా వెచ్చటి సముద్రం అడుగు, గవ్వలూ పగడాలూ పేరుకుని పేరుకుని రాయైంది, ఇప్పుడు జనం గొడుగులేసుకుని దాని మీద నడుస్తున్నారు, అంటున్నారు, నేను కిందికి చూశాను, రాళ్ళ అంచున గోరువెచ్చటి గల్ఫ్ నీళ్ళు, అడుగున తెల్లటి గవ్వపెంకులు, ఈ నీళ్ళ అడుగున కూడా ఇప్పుడు, ఈ శుక్రవారం పొద్దున, ఎవరూ చూడకుండా రాయి తయారవుతోందా, దాని మీద ఎప్పుడో ఏ వానలోనో ఎవరు నడుస్తారో.

ఆయన ఆగలేదు, నది దగ్గర మొదలుపెట్టండి అన్నారు, వేసవి మొదట్లో రాతి వంతెన మీంచి తొంగి చూస్తే సాల్మన్ చేపలు ప్రవాహానికి ఎదురు నిలబడి ఉంటాయి, వెండి కడ్డీల్లాగా, కదలవు, వెనక్కీ పోవు, వంతెన మీద జనం గుళ్ళో ఉన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడతారు, తర్వాత స్పానిష్ ఆర్చ్, ఎప్పటిదో పాత కోటగోడ ముక్క, దాటితే క్లాడా, అక్కడొకప్పుడు జాలరి గుడిసెలుండేవట, ఇప్పుడు హంసలే ఉన్నాయి, మన పెళ్ళిపీటలంత ఉంటాయండీ ఒక్కొక్కటి, ఆ తర్వాత లైట్‌హౌసు, దాని వెనకాల వాన నడిచి రావడం కనిపిస్తుంది, నిజంగానే నడిచి వస్తుంది, ముందు కొండలు పోతాయి, తర్వాత లైట్‌హౌసు పోతుంది, తర్వాత మీ ముక్కు తడుస్తుంది, ఇంకో దారి నదికి ఎదురు పోతుంది, అటు ఒక కూలిన కోట ఉంది, గోడలు కనపడవు, తీగ అల్లుకుని అల్లుకుని పచ్చటి కోటే అయిపోయింది, అని చెబుతుంటే ఒక్కచోటా తడబాటు లేదు, చెంచా పోయింది, నా పేరు పోయింది, కానీ ఒక ఊరు మొత్తం, నది, వంతెన, చేప, వాన, ఒక్క రాయీ కదలకుండా ఈ దెబ్బతిన్న తలలో దీపాలు పెట్టుకుని నిలబడి ఉంది, ఇంత చోటు ఎక్కడుంది ఒక మనిషిలో, తొమ్మిదేళ్ళు కాపురమున్నా చూడని ఊరిని నేను ఎడారి ఒడ్డున నిలబడి చూస్తున్నాను, నా ముక్కు మీద వాన చినుకు కూడా తగిలినట్టుంది, నోరు తెరుచుకుని వింటున్నానని ముస్తఫా దగ్గరికొచ్చి అమ్మా, సాబ్ మంచిగున్నడా అని అడిగే దాకా నాకే తెలియలేదు, బాగున్నారు నాయనా, భరణికి ఫోన్ చేసి దొరికారని చెప్పు, కనీజ్‌కి కూడా చెప్పు, నువ్వు బండి సూక్ దగ్గర పెట్టుకో, మేం నడిచొస్తాం అన్నాను.

వంగి ఆయన బూటు లేసు కట్టాను, అయ్యో మీకెందుకండీ శ్రమ అన్నారు, వాచీ లేని మణికట్టు చూసుకుని, ఇక నేను వెళ్ళాలి, మా ఆవిడ షాపు మూసే వేళైంది అన్నారు, కట్టిన ముడి మీదే నా వేళ్ళు ఆగిపోయాయి, ఆవిడ దగ్గరికి రోజూ వెళ్తారా అన్నాను, ఆదివారాలన్నీ వెళ్తానండీ, ఈ నడకంతా అందుకేగా, ఆవిడ డ్యూటీ దిగేదాకా ఒక్కణ్ణీ ఇంట్లో ఏం చేస్తాను, ఇవన్నీ చూసుకుని వెళితే ఆవిడకి చెప్పడానికి ఉంటుంది, పాపం నిలబడి నిలబడి కాళ్ళు లాగుతుంటాయి, అయినా వింటుంది, అన్నారు, సిగ్గుపడుతున్నట్టు నవ్వారు, నన్ను దాటి ఎక్కడికో చూస్తూ నవ్వారు, నేను లేచి నిలబడ్డాను, ఆదివారం సాయంత్రం షట్టరు దించుతుంటే తడిసిన రెయిన్‌కోటుతో గుమ్మంలో నిలబడి ఉండే మనిషి, నడక ముగించి ఇంటికెళ్ళి అక్కణ్ణుంచి వచ్చాడనుకునేదాన్ని, నది దగ్గర్నుంచి, హంసల దగ్గర్నుంచి, ఆ కొండలు చూసుకుని, గోడని తన్ని, నా దగ్గరికి వచ్చేవాడన్నమాట, పదండి, ఆలస్యమైతే ఆవిడ ఎదురు చూస్తుంది, నాకూ ఆ షాపు చూపించండి, అన్నాను, తప్పకుండా అని నడవడం మొదలుపెట్టారు, రోడ్డు దగ్గరికి రాగానే కొత్త మనిషినని నా మోచెయ్యి పట్టుకున్నారు, జాగ్రత్తగా, కార్లు అటూ ఇటూ చూసుకుని, ఎండ పైకి వస్తోంది, నేను పక్కన నడుస్తున్నాను, పొద్దున తీసి ఉన్న తలుపు చూసి నన్ను వదిలేసి వెళ్ళిపోయారని వణికిపోయాను, ఆయన బయల్దేరింది నా దగ్గరికే.