పక్క సీటు బ్రేకు

కారు నడపడం రానివాడు కారు ఎంచడానికి వెళ్లకూడదని ఎక్కడా రాసి లేదు. రాసి ఉంటే నా నాలుగు నెలల ఆదివారాలు మిగిలేవి, మా ఆవిడ ఓపికా మిగిలేది.

నేను పళ్ల డాక్టరు క్లినిక్కు వెనక గదిలో కట్టుడు పళ్లు తయారుచేస్తాను. ఊడిన పన్నుకి పక్క పన్ను ఏ తెలుపో చూసి, సరిగ్గా అదే తెలుపు తేవాలి. అందుకోసం పదహారు రకాల తెలుపులున్న పట్టీ ఒకటి ఎప్పుడూ నా జేబులో ఉంటుంది. తయారుచేసినవాళ్లు వాటికి నంబర్లు ఇచ్చారు గానీ నా పేర్లు నాకున్నాయి. టీ తెలుపు, సిగరెట్టు తెలుపు, కాలేజీ తెలుపు, ఇలాగ. రవ్వంత తేడా కూడా ఒప్పుకోనని మా డాక్టరు నాకు మిల్లీమీటరు అని పేరు పెట్టాడు. వెక్కిరింత అని తెలియక దాన్ని ఇన్నేళ్లూ బిరుదులా మోశాను.

కారు కావలసింది మా ఆవిడకి. ఆవిడ ఫిజియోథెరపిస్టు. పెద్దాసుపత్రిలో పదకొండేళ్లు ఒకాయన కింద పనిచేసింది. రోగుల మోకాళ్లు వంచడం ఆవిడ వంతు, కాగితాల మీద సంతకం పెట్టడం ఆయన వంతు. నాలుగు నెలల కిందట, ఊరికి అవతలి చివర కట్టిన కొత్త ఆసుపత్రివాళ్లు ఒక విభాగం మొత్తం ఆవిడకే అప్పగిస్తామన్నారు. పొద్దున్న ఆరున్నరకల్లా అక్కడుండాలి. అటువైపు మొదటి బస్సే ఏడుంబావుకి. కారు దొరకగానే వస్తానని ఆవిడ చెప్పింది. వాళ్లు రెండుసార్లు గడువు పెంచి, ఇక ఈ శుక్రవారం సాయంత్రం ఐదులోపు ఏ సంగతీ తేల్చకపోతే ఇంకొకరిని తీసుకుంటామని కబురు చేశారు.

కారు విషయంలో ఆవిడ అడిగినవి మూడే. మన చేతికందే ధర ఉండాలి, పొద్దున్నే మొరాయించకూడదు, నడుపుతుంటే సరదాగా ఉండాలి.

"సరదా దేనికి?" అన్నాను.

"రోజుకి గంటన్నర అందులో కూర్చునేది నేను. పదకొండేళ్లు బస్సులో గంభీరంగానే కూర్చున్నాను కదా."

ఆవిడ పెళ్లికి ముందే మా మావగారి డెలివరీ వ్యాను మీద డ్రైవింగు నేర్చుకుంది. నాకు సైకిలు మీద కూడా ఎడమపక్కకి తిరగాలంటే దిగాలనిపిస్తుంది. అయినా, "ఎంచే పని నాకొదిలెయ్, నా కన్ను సంగతి నీకు తెలుసుగా," అన్నాను. ఆవిడ వదిలేసింది. ఆవిడ చేసిన పొరపాటు అదొక్కటే.

నేను తెల్ల కార్లు మాత్రమే చూశాను. ఎర్ర కారు ముందు నిలబడితే నా పదహారు తెలుపులూ దేనికి పనికొస్తాయి?

మొదటి కారు వెనక తలుపు టీ తెలుపు, మిగతా ఒళ్లంతా కాలేజీ తెలుపు. ఎక్కడో తగిలించి రంగు వేయించారన్నమాట. జేబులోంచి పట్టీ తీసి తలుపుకి ఆనించి మరీ నిరూపించాను. అమ్మే ఆయన బ్యాంకు గుమాస్తా. పట్టీ వైపూ నా వైపూ మార్చి మార్చి చూసి, "మీరు కారు కొంటారా, పన్ను పీకుతారా?" అన్నాడు. మా ఆవిడ నవ్వింది. మొదటి కారు కాబట్టి నవ్వింది.

తర్వాత కార్లకి నవ్వలేదు. ఐదోది ఆవిడకి బాగా నచ్చింది. డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగు తడిమి చూసుకుంటోంది. బానెట్టు తెలుపులో పిసరంత పసుపు ఉందని నేను ఆవిడని అక్కణ్ణించి లేపుకొచ్చేశాను. కోడిగుడ్డుకి ఈకలు పీకే పనిలో నన్ను మించినవాడు లేడని ఆ రోజు తేలిపోయింది. ఎనిమిదో కారులో తలుపులు, బానెట్టు, డిక్కీ అన్నీ ఒకటే తెలుపు. అరగంట వెతికినా తేడా దొరకలేదు. దాన్నీ వద్దన్నాను.

"అంతా ఒకే తెలుపంటే అంతా కొత్తగా వేయించినట్టే. దీని వెనక పెద్ద కథే ఉంది," అన్నాను.

"తేడా ఉంటే ఎందుకుందంటారు, లేకపోతే ఎందుకు లేదంటారు. అసలు మీకు కారు కావాలా, వద్దా?" అంది ఆవిడ.

నాకు చాలా కోపం వచ్చింది. అబద్ధమైతే అంత రాదు.

శుక్రవారం ఆవిడ సెలవు పెట్టింది. తొమ్మిదో కారు తనే వెతుక్కుంది. వెళ్లేముందు, "మీరు రండి, మీ పట్టీ ఇంట్లో ఉంచండి," అంది. ఉంచేశానని చెప్పి జేబులోనే పెట్టుకుని వెళ్లాను.

అమ్మేది డ్రైవింగు నేర్పే ఒక పెద్దావిడ. కళ్లు సరిగా కనబడటం లేదని బడి మూసేస్తోంది. వాకిట్లో ఉన్న ఆ చిన్న కారుకి నాలుగు తలుపులూ నాలుగు తెలుపులు. నేర్చుకునేవాళ్లు తలా ఒక గోడకి రుద్దితే, తలుపుకోసారి వేయించిన రంగులట. రంగులు కలవవని పెద్దావిడే ధర బాగా తగ్గించి చెప్పింది. నా చేతులు జేబులోకి పోతున్నాయి, బలవంతాన ఆపుకున్నాను.

మా ఆవిడ రంగు వైపు చూడనే లేదు. ముందు బానెట్టు మీద అరచెయ్యి పెట్టింది. చల్లగానే ఉంది, అంటే మేం వచ్చేముందు వేడి చేసి ఉంచలేదు. వంగి, కింద నేల మీద నూనె చుక్కలున్నాయేమో చూసింది. తాళం తిప్పితే ఒక్కసారికే లేచింది. ఈ పనులు మొదటి ఎనిమిది కార్లకి ఎందుకు చెయ్యలేదని అడగబోయి, చెయ్యనిచ్చిందెవరని గుర్తొచ్చి ఊరుకున్నాను.

పెద్దావిడ వెనక కూర్చుంది. నన్ను ముందు పక్క సీట్లో కూర్చోబెట్టి, "బాబూ, మీ కాళ్ల దగ్గర ఇంకో బ్రేకుంది. నేర్పేవాళ్లది. దాని జోలికి పోకండి," అంది.

కారు వీధి దాటాక మా ఆవిడ గేరు మార్చింది. మలుపులో చిన్నగా, ఒడుపుగా తిప్పింది. ఖాళీ రోడ్డు రాగానే కాస్త తొక్కి, తనలో తనే నవ్వుకుంది. నాకు తెలియకుండా నా కాలు వెళ్లి ఆ బ్రేకు తొక్కింది. మళ్లీ కాసేపటికి ఇంకోసారి. మూడోసారి సరిగ్గా కూడలి మధ్యలో ఆగిపోయాం. వెనక లారీవాడు మా వంశమంతటికీ వినపడేలా హారను కొట్టాడు. నాలుగోసారి మా ఆవిడే పక్కకి తీసి ఆపేసింది.

"ఎందుకంత భయం మీకు? నేను బాగానే నడుపుతున్నాను కదా."

"నువ్వు బాగానే నడుపుతున్నావు," అన్నాను. తర్వాత నోరు జారింది. "నువ్వు ఆరింటికల్లా వెళ్లిపోతే పొద్దున్న టీ నేనెవరితో తాగాలి?"

యాభై దాటినవాణ్ణి, పరాయి మనిషి ముందు, ఆ మాటన్నాను. ప్రతి ఉదయం ఏడింటికి పెరటి గుమ్మం మీద మేమిద్దరం ఇరవై నిమిషాలు కూర్చుంటాం. ముందురోజు ఎవరు కర్ర లేకుండా నడిచారో, ఎవరు ఏడిచారో ఆవిడ చెబుతుంది. నా రోజు మొత్తంలో నాకిష్టమైనవి ఆ ఇరవై నిమిషాలే. చల్లకొచ్చి ముంత దాచినట్టు, నాలుగు నెలలుగా ఆ సంగతి దాచుకుని తలుపుల రంగులు చూపిస్తూ వచ్చాను. నా మీద నాకే సిగ్గేసింది.

వెనక సీట్లో పెద్దావిడ కిటికీలోంచి బయటకి చూడటం మొదలుపెట్టింది. మా ఆవిడ స్టీరింగు వదిలి నా వైపు తిరిగింది.

"ఐదింటికి లేవండి, నాతోనే తాగొచ్చు. ఈ మాట ముందే అనుంటే ఐదో కారే కొనుక్కునేవాళ్లం," అంది.

తిరిగొచ్చేసరికి నాలుగున్నర దాటింది. బేరం అడిగిన ధరకే కుదిరింది. బడి కారు కాదు కాబట్టి ఆ రెండో బ్రేకు ఇక అక్కర్లేదని పెద్దావిడ తన మెకానిక్కుని పిలిపించింది. అతను నా వైపు చూసి, "తీసెయ్యమంటారా, ఉంచమంటారా?" అన్నాడు. ఉంచమనాలని నిజంగా అనిపించింది. తీసెయ్యమన్నాను.

అతను దాన్ని విప్పి నా చేతిలో పెట్టాడు. పైనున్న రబ్బరు మీద గీతలు కొత్తవాటిలా నిలబడి ఉన్నాయి.

"ఈ కారులో ఎంతమందికి నేర్పారండీ?" అని అడిగాను.

"పన్నెండేళ్లు. వెయ్యి మంది దాటే ఉంటారు."

"మరి ఇది అరగలేదే?"

"నేనెక్కడ తొక్కాను బాబూ. మన కాలు అక్కడుందని తెలిస్తే వాళ్లు నడపరు," అంది పెద్దావిడ.

నలభై నిమిషాల్లో నేను నాలుగుసార్లు తొక్కాను. ఆ బడి నేను నడిపి ఉంటే ఆ రబ్బరు ఎప్పుడో పోయేది.

గేటు దగ్గర మా ఆవిడ ఫోనులో మాట్లాడుతోంది. "సోమవారం నుంచే వస్తానండి. ఆరున్నరకి." నన్ను అడగలేదు, నా వైపు చూడనూ లేదు. ఆ గొంతు నేను చాలా ఏళ్లుగా వినలేదు. సంతోషం వేసింది, దానితోపాటు భయమూ అలాగే ఉంది.

ఫోను తీసి ఐదింటికి అలారం పెట్టుకున్నాను. నాలాంటివాడు ఒక పని చేస్తే ఎవరికైనా చూపించాలి కదా, మా ఆవిడ దగ్గరికి వెళ్లేలోపు అది వాకిట్లోనే మోగడం మొదలుపెట్టింది. సాయంత్రం ఐదింటికి పెట్టాను. ఆవిడ నా చేతిలోంచి ఫోను తీసుకుని, ఉదయానికి మార్చి ఇచ్చింది.