కమిటీ కాదన్న కార్డు

ఇంగ్లండులో సముద్రం ఒడ్డునున్న థార్న్‌సీ ఊరి బొమ్మకార్డుల కమిటీలో సభ్యులు ముగ్గురే. వాళ్ళలో కొత్తవాడు క్లారెన్స్ డగ్‌డేల్. ముప్ఫై ఏళ్ళు భూగోళం చెప్పి రిటైరైన మాస్టారు. భార్య నెల్లీ పోయి నాలుగేళ్ళయింది. నవ్వు రాని మనిషి అనుకుని కౌన్సిల్ వాళ్ళు ఆయన్ను వేశారు. నిజానికి ఆయనకు నవ్వు బాగానే వస్తుంది. పిల్లల ముందు ఆపుకొని ఆపుకొని మొహానికి ఆ అలవాటు తప్పింది, అంతే.

వేసవిలో సముద్రం ఒడ్డున అమ్మే చిలిపి కార్డులను ముందే చూసి, ఏవి అమ్మవచ్చో తేల్చడం కమిటీ పని. కాదన్నవి అమ్మితే పోలీసులు కట్టలకు కట్టలు పట్టుకుపోయి తగలబెట్టేస్తారు. సముద్రంలోకి కట్టిన పియర్ వంతెన మొదట్లో కొట్టు పెట్టుకున్న ఐవీ క్రాబ్‌ట్రీ కిందటేడు అలాగే సగం సరుకు పోగొట్టుకుంది. ఈ ఏడూ అదే జరిగితే కొట్టు మూసేసి, లీడ్స్‌లో చెల్లెలి ఇంట్లో ఓ మూల కూర్చోవలసిందే. ఆ చెల్లెలు నవ్వితే పళ్ళు అరిగిపోతాయనుకునే రకం.

"మాస్టారూ, రేపు మీటింగులో మీరు మొహం ఇలాగే పెట్టుకొని కూర్చోండి చాలు," అంది ఐవీ, పేపరు కొనడానికి వచ్చిన ఆయనతో. "మీరు నవ్వారంటే అందులో ఏదో ఉందని కౌన్సిలర్ గారికి తెలిసిపోతుంది."

"ఆయనకు తెలియదంటావా?"

"తెలిసే కదా ఒక్కో కార్డూ అంతంతసేపు చూస్తాడు."

కమిటీ పెద్ద, కౌన్సిలర్ హోరేస్ విన్‌స్టాన్లీ మర్నాడు నిజంగానే మొదటి కార్డును చాలాసేపు చూశాడు. ఒడ్డున బట్టలు మార్చుకునే గుడారం. దాని తెర కాస్త జారింది. ఎదురుగా బెంచీ మీద నలుగురు ముసలాళ్ళు దుర్భిణీలు పట్టుకొని కూర్చున్నారు. 'ఓడ ఇవాళ చాలా దగ్గరికి వచ్చిందోయ్' అంటున్నాడు ఒకడు.

"ఇది కుదరదు," అన్నాడు విన్‌స్టాన్లీ.

"కాదంటే కారణం మినిట్స్‌లో రాయాలి కదండీ," అన్నారు డగ్‌డేల్ మాస్టారు నెమ్మదిగా. "కౌన్సిల్ పద్ధతి."

పద్ధతి అంటే విన్‌స్టాన్లీకి ప్రాణం. తల ఊపాడు. సెక్రటరీ మిస్ ఎనిడ్ లౌ కలం సిరాలో ముంచింది.

"ఏమని రాయమంటారు సర్?"

"అంటే... వాళ్ళు ఓడను చూడటం లేదు."

"మరేం చూస్తున్నారు సర్?"

విన్‌స్టాన్లీ మెడ ఎర్రబడింది. మూడో సభ్యుడు పాస్టరు ఫోలియట్ గారి వైపు చూశాడు. పాస్టరు గారు కళ్ళజోడు తుడుచుకోవడంలో మునిగిపోయారు.

"పోనీ, పాస్ చెయ్యండి," అన్నాడు చివరికి. ఆ పూట నలభై కార్డులూ అలాగే పాసైపోయాయి. ప్రతిదాని వెనకా కమిటీ ఆమోదించినట్టు నీలం ముద్ర పడింది.

మూడు వారాలు తిరిగేసరికి ఐవీ మొహం వేలాడేసింది.

"మాస్టారూ, మీరు నన్ను ఒడ్డుకు లాగి మళ్ళీ నీళ్ళలో తోశారు. బ్రాడ్‌ఫర్డ్ మిల్లు ఆడవాళ్ళు బస్సు నిండా దిగారు. కార్డు తిప్పి ముద్ర చూశారు. 'కమిటీ వాళ్ళే ఒప్పుకున్నారంటే ఇందులో ఏముంటుందే, పద' అనుకుంటూ పక్కూరు పోయారు."

"ముద్ర తీసేయడం నా చేతిలో లేదు ఐవీ."

"ముద్ర ఉండనివ్వండి. ఒక్క కార్డు కాదనిపించండి. పేపర్లో పడుతుంది. ఈ ఊరి కార్డుల్లోనూ పస ఉందని జనానికి తెలుస్తుంది."

"అయితే కారణం నేను చెప్పాలి."

"ఆ పద్ధతి పెట్టించింది ఎవరు?"

తర్వాతి మీటింగుకు ఐవీ కొత్త కార్డులు పంపింది. ఒక దాంట్లో లాడ్జింగు గది. తలుపు మూసి ఉంది. బయట ముట్టుకోని టిఫిను పళ్ళేలు ఒకదాని మీద ఒకటి. తలుపు కింద నుంచి ఉత్తరం ఒకటి జారుతోంది: 'అమ్మా, పెళ్ళయి వచ్చి వారమైంది. సముద్రం చాలా బాగుంటుందట.'

"చక్కటి కార్డు," అన్నారు పాస్టరు గారు. "తల్లిని మరిచిపోలేదు."

విన్‌స్టాన్లీ ముద్ర అందుకున్నాడు.

"నాకు అభ్యంతరం ఉంది," అన్నారు మాస్టారు.

"కారణం సర్?" అంది మిస్ లౌ.

"వాళ్ళు వారం నుంచీ సముద్రం చూడలేదు."

"వాన పట్టిందేమో," అన్నారు పాస్టరు గారు.

"వరండాలో ఎండ వేశాడండీ, బొమ్మ గీసినాయన."

"ఒంట్లో బాగాలేదేమో పాపం."

"ఇద్దరూ కులాసాగానే ఉన్నారు."

"మీకెలా తెలుసు?" అన్నాడు విన్‌స్టాన్లీ.

మాస్టారు మిస్ లౌ కలం వైపు చూశారు. అది కదలకుండా ఎదురు చూస్తోంది. లీడ్స్‌లోని ఐవీ చెల్లెలు గుర్తొచ్చింది. ఇక దాటవేయడానికి లేదు.

"మేమూ చూడలేదు కనుక," అన్నారు. "పంతొమ్మిది వందల ఇరవై ఒకటి, జూన్. ఈ ఊరే, మెరైన్ రోడ్డులో దిగాం, నేనూ నెల్లీ. నేనేమో భూగోళం మాస్టార్ని. ఇంటికెళ్ళాక ఇక్కడి ఆటుపోట్ల గురించి మా అత్తగారు అడిగారు. పుస్తకంలో ఉన్నది చెప్పాను."



"పుస్తకం సంగతి కూడా రాయాలా సర్?" అంది మిస్ లౌ.

ముందు విన్‌స్టాన్లీ పొట్ట నవ్వుతో కదిలింది. తర్వాత భుజాలు, తర్వాత బల్ల మీది సిరాబుడ్డి. పాస్టరు గారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "మా పెళ్ళయ్యాక మేము మంగళవారానికి చూశాం," అన్నారు చిన్నగా.

నాలుగేళ్ళుగా నెల్లీ మాట వస్తే చాలు అందరూ గొంతు తగ్గించేవారు. ఈవేళ ఆమె సంగతి విని పగలబడి నవ్వారు. మాస్టారి ప్రాణం తేలికపడింది. ఆయనా నవ్వారు.

"ఇంత రుజువున్న అభ్యంతరాన్ని తోసెయ్యలేం," అని విన్‌స్టాన్లీ కళ్ళు తుడుచుకున్నాడు. కార్డు ఏకగ్రీవంగా కాదనిపించుకుంది.

శుక్రవారం పేపరు ఆ కారణాన్ని పొల్లుపోకుండా అచ్చేసింది. బస్సు ఎక్కిన మాస్టారితో కండక్టరు, "సముద్రం ఎడమ పక్కనండీ," అన్నాడు వినయంగా. శనివారం ఐవీ కొట్టు ముందు వరస పియర్ సగం దాకా సాగింది.

"ఆ కార్డు లేదమ్మా, కాదన్నారు," అంటోంది ఐవీ. "ఇవి మాత్రం వాళ్ళకు అర్థమైనట్టు లేవు. చూసుకోండి." జనం కార్డులు తిప్పి ముద్ర చూసి, మళ్ళీ బొమ్మ తిప్పి ఇంకా జాగ్రత్తగా చూసి, తలా ఆరు పట్టుకుపోతున్నారు.

మధ్యాహ్నానికి గుంపు పలచబడ్డాక ఆమె మాస్టారికి టీ పోసి ఇచ్చింది.

"ఇంత వినోదం ఒక నెలకు సరిపోతుంది. తర్వాత మళ్ళీ ఒకటి కాదనాలి. మీ దగ్గర ఇంకేమైనా అనుభవాలు మిగిలాయా మాస్టారూ?"

ఆయన టీ ఊదుకుంటూ కాసేపు నిజంగానే ఆలోచించారు.

"ఉన్నాయి ఐవీ. పొదుపుగా వాడుకోవాలి. సెప్టెంబరులో సీజను అయ్యేదాకా రావాలి కదా."